మా గట్టు మీద రెండు రాత్రులు ఉండాలంటే

మీరు ఫోన్ చేసి ఫలానా తేదీన వస్తామంటే నేను బుకింగుల పుస్తకం తియ్యను. గోడకున్న తెలుగు క్యాలెండర్ దగ్గరికి వెళ్లి ఆ రోజు తిథి చూస్తాను. ముహూర్తం చూస్తున్నాననుకుని కొందరు నవ్వుతారు. ముహూర్తం కాదండీ, నీళ్లు. రేవు నుంచి మా గుడిసెల దాకా ఒకటిన్నర కిలోమీటరు పడవ మీదే రావాలి. పాయలో నీళ్లుంటేనే పడవ కదులుతుంది. నీళ్లు ఎప్పుడుంటాయో తిథి చెబుతుంది.

మేముండేది కోరంగి దగ్గర, కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో. ఇక్కడి మడ అడవుల్ని 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. మా గుడిసెలు దాని లోపల కావు, అంచున, మా మావగారి రొయ్యల చెరువు గట్టు మీద. ఒకప్పటి చెరువు లెండి. తెల్లమచ్చ రోగం వచ్చి వరసగా రెండు పంటలు పోయాక అప్పు మిగిలింది, గట్టు మిగిలింది. మా ఆయన ఆ గట్టుకి రెండు చోట్ల గండి కొట్టించి పోటు నీళ్లని లోపలికి రానిచ్చారు. మడ విత్తనాలు నీళ్లతో కొట్టుకొచ్చి వాటంతటవే మొలిచాయి. మొలవని చోట చేపముల్లు ఆకారంలో, అంటే నడుమ ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వించాం. పాడైన మడ నేలలు బాగుచెయ్యడానికి ఈ ప్రాంతంలో వాడుతున్న పద్ధతే అది. ఇప్పుడక్కడ చెరువు ఉండేదంటే ఎవరూ నమ్మరు. గట్టు మీద సరుగుడు గుంజలు పాతి, ఎత్తున చెక్క పరిచి, తాటాకు కప్పి నాలుగు గుడిసెలు కట్టి ఏడేళ్లయింది.

నేను పెద్దాపురం పిల్లని, మెట్ట ప్రాంతం. పెళ్లయి వచ్చేదాకా ఆటుపోట్ల సంగతి పుస్తకంలో చదవడమే. అందుకే మీకు ఏం తెలీదో నాకు బాగా తెలుసు. మా అత్తగారు ఇవన్నీ చెప్పలేరు, ఆవిడకి ఇవి చెప్పాల్సిన విషయాలే కావు.

ముందు పోటు, పాటు. సముద్రం నీళ్లు పాయలోకి ఎక్కడం పోటు, వెనక్కి తీయడం పాటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటు నుంచి పాటుకి ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ఆ పైచిలుకులన్నీ కలిసి రోజురోజుకీ పోటు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ పొద్దున ఏడింటికి నిండుగా ఉంటే రేపు ఎనిమిదికి పది నిమిషాల ముందు. "పోయిన ఆదివారం మా ఫ్రెండ్స్ పదింటికి పడవెక్కారంట, మాకూ పదింటికే పెట్టండి" అని ఒకాయన నాతో గట్టిగానే వాదించారు. వారం తిరిగేసరికి ఆ పది గంటలకి పాయలో బురదా, దాని మీద కొంగలూ ఉంటాయి. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఇంకా గట్టిగా ఉంటుంది. అష్టమి చుట్టుపక్కల నీటికి బద్ధకం, ఎక్కేదీ తక్కువే, దిగేదీ తక్కువే.

దీన్నిబట్టి తేదీ ఎంచుకోండి. సన్నపాటి కాలువల్లోకి, కొమ్మలు నెత్తిన తగిలేంత లోపలికి పడవలో వెళ్లాలని ఉంటే అమావాస్య, పౌర్ణమి రోజులు మంచివి. నడక ఎక్కువ చేస్తాం, పిల్లలున్నారు, పడవ టైములతో టెన్షన్ వద్దనుకుంటే అష్టమి దగ్గర్లో రండి. పక్షులు కావాలంటే ఏ తిథైనా ఫరవాలేదు గానీ పాటు వేళ ఒడ్డున ఉండాలి, బురద బయటపడ్డాకే అవి తిండికి దిగుతాయి. చలికాలం వలస పక్షులు కూడా అప్పుడే కనిపిస్తాయి. నెలల్లో నేను చెప్పేది డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా. పుష్య మాసంలో వచ్చే చొల్లంగి అమావాస్య రోజున మాత్రం బయల్దేరకండి. సముద్ర స్నానానికి జనం తరలివస్తారు, ఆ రోడ్డు మీద కారు కదలదు. కారు కదలకపోతే పోటు తప్పిపోతుంది. పోటు తప్పితే రేవులో టీ కొట్టు బల్ల మీద ఆరు గంటలు కూర్చోవాలి.

రావడం తేలికే. రైలైతే కాకినాడలో దిగండి, లేదా మెయిన్ లైన్ మీదున్న సామర్లకోటలో. కాకినాడ నుంచి యానాం బస్సెక్కితే కోరంగి ముప్పావు గంట. కింద చక్రాలున్న సూట్‌కేసులు తేకండి. పడవ దిగాక గట్టు మీదికి రెండు తాటి దుంగల మీంచి నడిచి రావాలి. ఒకావిడ పెట్టె అక్కడే జారి బురదలోకి పోయింది. తీశాం గానీ పట్టుచీర వాసన పోలేదట. పట్టుచీర ఎందుకు తెచ్చారని నేను అడగలేదు. భుజానికి తగిలించుకునే సంచి చాలు. ముదురు రంగు కాని పొడుగు చేతుల చొక్కాలు, పాత ప్యాంట్లు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, టార్చ్, మీ మందులు, చేతిలో నగదు. ఫోన్లో డబ్బు కొట్టడానికి గట్టు మీద సిగ్నల్ ఉండదు. ఇంకో మాట, యానాం పుదుచ్చేరి కిందికొస్తుంది, అక్కడ మందు చవక. "దారే కదా" అని సీసాలు కొని తెచ్చేవాళ్లు ఉన్నారు. అక్కణ్ణించి ఆంధ్రాలోకి తెస్తే తనిఖీలో పట్టుకుంటారు, అది మీ గొడవ. గట్టు మీద తాగి రాత్రి పూట నీళ్లలో పడితే మాత్రం నా గొడవ. కాబట్టి వద్దు.

ఇప్పుడు ఫోన్లో ఎవరూ అడగని, వచ్చాక అందరూ మొహం మాడ్చుకునే విషయం: మరుగుదొడ్డి. మా దగ్గర ఫ్లష్ లేదు. మొదట్లో మేమూ అందరిలాగే గొయ్యి తవ్వి సిమెంటు ఒరలు దింపి కట్టాం. మొదటి పౌర్ణమి పోటుకి భూమిలో నీళ్లు పైకొచ్చి గొయ్యి నిండిపోయింది. పాటు వచ్చినప్పుడు అందులో ఉన్నదంతా ఊటలా పాయలోకి దిగింది. ఆ పాయలోనే మేం పీతలు పడతాం, మీరు తింటారు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. దాన్ని పూడ్చేసి నేలకి పైన, ఆరు మెట్ల ఎత్తున రెండు గదుల దొడ్డి కట్టించాం. నీళ్లు పడకుండా పొడిగా ఉంచేది. వాడిన ప్రతిసారీ పక్కనున్న డబ్బాలోంచి రెండు చిప్పల ఊక, బూడిద కలిపిన పొడి వెయ్యాలి. కడుక్కోవడానికి వేరే గాడి ఉంది, ఆ నీళ్లు అరటి చెట్లకి పోతాయి. ఒక గది నిండితే మూసేసి రెండోది వాడతాం. ఏడాది తర్వాత తెరిస్తే మట్టి వాసన తప్ప ఏమీ ఉండదు, కొబ్బరి మొక్కలకి వేస్తాం. మీరు చెయ్యాల్సింది రెండే: పొడి వెయ్యడం మర్చిపోకండి, కడిగే నీళ్లు గాడిలో తప్ప వెనక కన్నంలో పొయ్యకండి. వాసన వచ్చిందంటే ఎవరో నీళ్లు పోశారని అర్థం. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు అందులో వేయొద్దు, కాగితం చుట్టి సంచిలో పెట్టుకుని వెనక్కి పట్టుకెళ్లాలి. మగవాళ్లకి ఇది చెప్పడానికి మొదట్లో సిగ్గుపడేదాన్ని, ఇప్పుడు పడవలోనే చెప్పేస్తున్నాను.

నీళ్లు కూడా అంతే ముఖ్యం. చుట్టూ నీళ్లే, చెంబెడు తాగడానికి ఉండవు. బోరు వేస్తే ఉప్పునీళ్లే. మంచినీళ్లు రేవు నుంచి డ్రమ్ముల్లో పడవ మీద వస్తాయి, వానాకాలం చూరు నీళ్లు పట్టి తొట్టిలో దాస్తాం. మనిషికి రోజుకి రెండు బకెట్లు ఇస్తాను. స్నానానికి పద్ధతి ఉంది: ముందు ఉప్పునీళ్లు పోసుకుని బురద వదిలించుకోండి. అప్పుడు సబ్బు రుద్దితే నురగ రాదు, కాబట్టి ఒక చెంబు మంచినీళ్లతో ఒళ్లు తడిపి రుద్దుకుని, మిగతాదాంతో కడుక్కోండి. తలస్నానం ఇంటికెళ్లాక. షాంపూ ప్యాకెట్లు గట్టు మీద కనిపిస్తే మా అత్తగారు ఎవరిదని అరుస్తారు, అతిథి అని చూడరు.

కరెంటు సోలార్. ఒక బల్బు, ఒక చిన్న ఫ్యాను, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపు ఫోన్ల చార్జింగు. అంతే.

దోమల గురించి అబద్ధం చెప్పను. సూర్యుడు దిగే ముప్పావు గంట, తెల్లారే ముందు కాసేపు ఘోరంగా ఉంటాయి. గాలి వీస్తే ఉండవు, గాలి పడిపోతే వస్తాయి. వాటితో పాటు కంటికి కనిపించనంత చిన్న ఈగలు కాళ్లు కుడతాయి, అవి దోమతెర కన్నాల్లోంచి కూడా దూరతాయి, అందుకే మేం సన్న గుడ్డ తెరలు కుట్టించాం. ఆ వేళకి ఒళ్లంతా కప్పుకుని, ఓడోమాస్ రాసుకుని, వంటింటి పొగ దగ్గర కూర్చోండి. కొబ్బరి డొక్కలు, వేపాకు వేసి పొగ పెడతాం. మడ కట్టె మాత్రం ముట్టం. కొట్టడం నేరం, పైగా మా గట్టు నిలిచిందే ఆ వేళ్ల మీద.

తిండికి మెనూ లేదు. ముందు రోజు సాయంత్రం వలలో, బుట్టల్లో ఏం పడితే అదే. శాకాహారులైతే ముందే చెప్పండి, పప్పు, గోంగూర, అరటికాయ వేపుడు చేస్తాను. అప్పటికప్పుడు చెబితే ఆవకాయే గతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం, ఆ రోజుల్లో "వంజరం లేదా?" అని అడగకండి. ఎక్కువమంది వచ్చేది మడ పీత కోసం. పులుసు పెడతాను, చింతపండు తక్కువ, మిరియం ఎక్కువ. డెక్కలు రోకలితో ఒక్క దెబ్బ వేసి ఇస్తాను, మిగతాది మీ పళ్ల సంగతి. అమావాస్య పీతకి కండ ఉంటుంది, పౌర్ణమి పీత గుల్ల అని మా అత్తగారి మాట. నేను ఏడేళ్లుగా తూకం వేసి చూస్తున్నాను, కొన్నిసార్లు ఆవిడ నెగ్గుతారు, కొన్నిసార్లు పీత. పొట్ట కింద గుడ్లున్న ఆడ పీత పడితే వదిలేస్తాం. "అదే రుచండీ" అని మీరు బతిమాలినా సరే.

పడవ గురించి మా తప్పు ఒకటి చెప్పాలి. మూడేళ్ల కిందట మా ఆయనకి జ్వరమొచ్చి నేను, మా మరిది కలిసి ఒక కుటుంబాన్ని లోపలి కాలువలోకి తీసుకెళ్లాం. ఒడ్డు బురదలో బావురుపిల్లి అడుగులు కనిపించాయి, అప్పుడే వేసినవి, అంచులు కూడా కరగలేదు. అది చేపలు పట్టుకు తినే పిల్లి, మామూలు పిల్లికి రెండింతలుంటుంది, ఎప్పుడో గానీ కనపడదు. వాళ్లు "ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు" అన్నారు. నాకూ చూడాలనే ఉంది. మరిది రెండుసార్లు "ఒదినా, పాటు లాగేస్తోంది" అన్నాడు. మూడోసారి అనేసరికి పడవ అడుగు నేలకి తగిలింది. గెడ వేసి తోశాం, దిగి నెట్టాం, కదల్లేదు. పాటు సగంలో చిక్కితే లెక్క ఇది: మిగతా నీళ్లు దిగడానికి మూడు గంటలు, మళ్లీ అంత ఎక్కడానికి మూడు గంటలు. నాలుగున్నరకి చిక్కుకున్నాం, రాత్రి పదిన్నర దాటాక పడవ తేలింది. దోమలు, చీకటి, వాళ్ల చిన్నబ్బాయికి ఆకలి. వెంట ఉన్నది ఒక నీళ్ల సీసా, సగం ప్యాకెట్ కాజాలు. అటు పక్క నక్కలు కూస్తుంటే ఆ పిల్లాడు మాత్రం సంబరపడ్డాడు. పిల్లి రాలేదు.

అప్పట్నుంచి పడవలో అన్నం డబ్బా, ఐదు లీటర్ల నీళ్లు, తెరగుడ్డ ఉంటాయి. "ఆయ్, పాటొచ్చేసిందండి" అన్నాక మా మరిది ఎవరి మాటా వినడు, నా మాట కూడా. మీరు చెయ్యాల్సింది: లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకుని కూర్చోవడం, నడిమి బల్ల మీద, కాళ్లు లోపల పెట్టుకుని. ఫొటోకి లేచి నిలబడితే పడవ ఒరుగుతుంది. నీటికుక్కలు గుంపుగా కనిపిస్తే ఇంజను ఆపేస్తాం, మీరూ నోరాపండి, అవి తలలెత్తి మనల్నే చూస్తాయి. వేలు చూపించడం, ఈల వెయ్యడం చేస్తే మునుగుతాయి, మళ్లీ ఏ మలుపులో తేలుతాయో చెప్పలేం. అభయారణ్యం లోపలికైతే అటవీ శాఖ వాళ్ల టికెట్, వాళ్ల పడవ, వాళ్ల టైములు. అక్కడి చెక్క వంతెన మీద నడక కూడా బాగుంటుంది, కానీ ఆదివారం వెళ్లకండి, మనుషుల తలలే కనిపిస్తాయి.

మడ నేల మీద నడక నేర్పితే గానీ రాదు. బురదలోంచి పెన్సిళ్లలా నిలబడ్డవన్నీ చెట్టు ఊపిరి వేళ్లు, వాటి మీద అడుగు పెట్టకండి, విరిగితే చెట్టుకి గాలాడదు, మీ అరికాలు కూడా చీరుకుంటుంది. కాలు పిక్కల దాకా దిగిపోతే నిటారుగా లాగొద్దు, ఎంత లాగితే అంత పట్టేస్తుంది. మోకాలు ముందుకి వంచి మడమని ముందు వదులు చేసుకుని, కాలివేళ్లు కిందికి చూసేలా మెల్లగా జారుస్తూ తియ్యండి. రెండు కాళ్లూ దిగితే కూర్చుండిపోండి, బట్టలు పోతే పోయాయి. తెల్ల మడ ఆకుని నాలికతో తాకి చూడండి, ఉప్పగా ఉంటుంది, తాగిన ఉప్పుని ఆకు మీంచి బయటికి తోసేస్తుంది ఆ చెట్టు. తిల్ల చెట్టు మాత్రం ముట్టుకోవద్దు. దాని పాలు కంట్లో పడితే కన్ను వాచిపోయి చూపు మసకబారుతుంది. ఏ చెట్టు ఏదో పోల్చుకోలేకపోతే నాకి చూసే సరదా మానెయ్యండి, నన్ను పిలవండి.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు చూపిస్తారా అని అడుగుతారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేది సముద్రం వైపు ఇసుకలో, హోప్ ఐలాండ్ లాంటి చోట్ల. ఆ దీవి రెండు వందల ఏళ్ల కిందట లేనే లేదు, గోదావరి తెచ్చి పోసిన ఇసుకే. మా పాయలోకి తాబేళ్లు రావు. అటవీ శాఖ అనుమతితో అక్కడికి వెళ్తే తెల్ల లైటు వెయ్యకండి. పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చి సముద్రం మీది మెరుపు చూసుకుని నడుస్తాయి, మీ ఫోన్ లైటుని సముద్రం అనుకుంటాయి.

తుపాను హెచ్చరిక ఉంటే బుకింగ్ రద్దు, డబ్బు పూర్తిగా వెనక్కిస్తాను, బేరం లేదు. కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే మేం కూడా గట్టు దిగి ఊళ్లోకి వెళ్లిపోతాం. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడ ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్లని బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1789లో, మళ్లీ 1839లో తుపానుతో ఉప్పెన వచ్చింది. ఇప్పుడు ఆ రేవు జాడ వెతుక్కోవాలి. 1996 నవంబరు తుపాను రాత్రి మా అత్తగారు ఊళ్లోనే ఉన్నారు. ఆ రాత్రి సంగతి అడిగితే చెప్పరు, చూరు కేసి చూస్తారు. వాన సినిమాలా బాగుంటుందని అక్టోబరు, నవంబరుల్లో వస్తామనే వాళ్లకి నేను చెప్పేది ఇదే.

వెళ్లే రోజు పడవ వేళ ముందు రాత్రే చెబుతాను, తెల్లవారుజాము నాలుగు కావచ్చు. మీరు తెచ్చిన ప్లాస్టిక్ అంతా ఒక సంచిలో కట్టి మీ చేతికే ఇస్తాను, దాన్ని కాకినాడ దాకా తీసుకెళ్లండి, రేవులో టీ కొట్టు వెనక పడెయ్యకండి, పోటుకి మళ్లీ మా దగ్గరికే వస్తుంది. మీ చెప్పులు కడిగి వంటింటి వెనక దడికి తగిలించి ఉంటాయి. ఇప్పటికి అక్కడ పదకొండు ఒంటి చెప్పులున్నాయి, జత రెండోది బురదలో ఉంది. ఎవరివైనా అయితే ఫోన్ చెయ్యండి.